అజేయుడూ, పక్కవాడి వంతూ



మా మేష్టారి పేర జరిగే ఈ స్మారకోపన్యాసంలో ఫాంటసీ కథల గురించీ, పాచికలు వేస్తూ ఆడే కథల ఆటల గురించీ మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకులు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆయన్ని ఎరిగినవాళ్లకు ఇది వింతగా తోచదు. మనుచరిత్ర చదివించిన గొంతుతోనే చందమామ సీరియళ్లూ చదివించిన మనిషి ఆయన. సాహసాన్ని ప్రేమించడం పిల్లచేష్ట అని ఆయన నోట ఏనాడూ వినలేదు.

స్మారకోపన్యాసానికి ఈ విషయం తగునా అని ఎవరికైనా అనిపిస్తే ఒక సంగతి మనవి చేస్తాను. 1939 మార్చి 8న స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ లాంగ్ పేరిట ఉపన్యాసం ఇచ్చినవారు జె.ఆర్.ఆర్. టోల్కీన్. అద్భుత కథల మీద మాట్లాడారు. ఇలాంటి కథలు పలాయనమేనన్న నిందకు ఆయన ఎదురు తిరిగారు. జైలు గోడల మధ్య ఉన్నవాడు ఇంటిని తలుచుకోవడమూ, యుద్ధంలో ఉన్న సిపాయి దొంగచాటుగా జారుకోవడమూ ఒకటి కాదు, రెంటినీ ఒకే గాటన కట్టకండి అన్నది ఆయన వాదన సారాంశం. ఎనభై ఏళ్లు దాటినా ఆ వాదానికి దీటైన జవాబు నేను చూడలేదు.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఓటమి ఎరగని కథానాయకుడి గురించి. కత్తి దూస్తే ఎదురుండదు, మంత్రం చదివితే తిరుగుండదు. మొదటి పేజీలో అనామకుడు, పదో పేజీకల్లా సైన్యాలు వణికే వీరుడు. పాఠకుడి మనసులోని కోరికలన్నీ అతని చేతుల మీదుగా తీరిపోతాయి. విమర్శకులు ఇతన్ని గుమ్మంలోంచే పంపేస్తారు. నాకు అలా పంపాలనిపించదు. మనిషి ఎందుకు ఇతన్ని కోరుకుంటాడో ముందు చూడాలి.

కొరియాలో చుగోంగ్ అనే రచయిత 2016లో మొదలుపెట్టిన సోలో లెవెలింగ్ నవల మన పిల్లల్లో చాలామందికి తెలుసు. బొమ్మల కథగానూ యానిమేషన్‌గానూ వచ్చింది. అందులో సంగ్ జిన్‌ఊ వేటగాళ్లందరిలోకీ బలహీనుడు. ప్రాణాలకు తెగించి రాక్షసులుండే గుహల్లోకి ఎందుకు వెళతాడు? తల్లి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. బిల్లు కట్టాలి. ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లెవరూ ఆ కోరికను చులకన చేయలేరు. తర్వాత అతనికి దొరికే అంతులేని బలమంతా ఆ ఒక్క నిస్సహాయతకు జవాబు.

ఇది కొత్త సంగతి కాదు. టెక్సాస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో కూర్చుని రాబర్ట్ ఇ. హోవర్డ్ కోనన్‌ను సృష్టించారు. మొదటి కథ 1932 డిసెంబరు వియర్డ్ టేల్స్ పత్రికలో వచ్చింది. అమెరికాను ఆర్థిక మాంద్యం కుంగదీసిన రోజులవి. తాను చూసిన పందెపు ముష్టియోధులనూ తుపాకీరాయుళ్లనూ చమురు బావుల దగ్గరి రౌడీలనూ కలిపితే కోనన్ అయ్యాడని హోవర్డ్ చెప్పుకున్నారు. ముప్పై ఏళ్లకే, 1936లో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆ జీవితం తెలిశాక, కోనన్ భుజబలాన్ని చూసి పెదవి విరవడానికి నాకు మనసు రాదు.

అయితే హోవర్డ్ మంచి కథలు రాసినప్పుడు ఏం చేశారో దగ్గరగా చూడండి. 1933 మార్చిలో వచ్చిన ఏనుగు గోపురం కథ తీసుకుందాం. పడుచు వయసు కోనన్ ఒక మాంత్రికుడి గోపురంలోకి రత్నం దొంగిలించడానికి చొరబడతాడు. లోపల ఏనుగు తల, మనిషి ఒళ్లు ఉన్న విగ్రహం ఒకటి కనిపిస్తుంది. అది కదులుతుంది. కోనన్ భయంతో కొయ్యబారిపోతాడు. తర్వాత తెలుస్తుంది, అది చూపు పోయిన ప్రాణి. చిత్రహింసలతో చేతులూ కాళ్లూ చితికిపోయాయి. గుడ్డికళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి. కోనన్ భయం అక్కడే ఆగి జాలిగా మారుతుంది. మనిషిగా పుట్టినందుకే సిగ్గుపడ్డట్టుగా నిలబడిపోతాడు. ఆ ప్రాణి తనను చంపి విముక్తి ఇమ్మని అడుగుతుంది. కోనన్ బలం ఇసుమంత తగ్గలేదు. కానీ ఆ గదిలో ఇంకొకరున్నారు. వాళ్లకు ఓ బాధ ఉంది, ఓ కోరిక ఉంది. కథకు కేంద్రం ఆ ఇంకొకరే.

నేను చెప్పదలచినది ఇదే. నాయకుడి బలం ఎక్కువైతే కథ చెడదు. అతని చుట్టూ ఉన్నవాళ్లు మనుషులుగా ఉండటం మానేసినప్పుడు చెడుతుంది.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు, మేష్టారి అరుగు మీద దొరికింది. వేసవి సాయంత్రాలు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి కథ చెబుతూ మధ్యలో ఆపి, "ఇప్పుడు రాకుమారుడు ఏం చేస్తాడురా?" అని వరసగా అడిగేవారు. ఎవరేం చెబితే కథ అటు నడిచేది. మాలో ఒకడు తన వంతు వచ్చినప్పుడల్లా రాకుమారుడికి ఒక మంత్రం ఇచ్చేసేవాడు. రాక్షసుడు చచ్చేవాడు, కోట కూలేది. మేష్టారు వద్దనేవారు కాదు. "సరే, ఇచ్చాను. చచ్చాడు. మరి వాడితో వచ్చిన మంత్రికొడుకు ఏం చేస్తున్నాడు అప్పుడు?" అని పక్కవాడి వైపు తిరిగేవారు. పక్కవాడికి చెప్పడానికేమీ మిగిలేది కాదు. ఆ మౌనం మా అందరికీ ఇబ్బందిగా ఉండేది. రెండు మూడు సార్లయ్యాక మంత్రాలిచ్చేవాడే ఆలోచించుకుని, సగం పని పక్కవాడికి వదిలిపెట్టడం మొదలెట్టాడు.

అప్పట్లో మాకు తెలియదు కానీ, దాదాపు ఇదే పనిని అమెరికాలో ఇద్దరు మనుషులు నియమాల పుస్తకంగా రాశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాలో ఉండే డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చువేశారు. మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో, ధర 10 డాలర్లు, తొలి ముద్రణ 1000 ప్రతులు. ఆట చాలా తేలిక. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు. బల్ల చుట్టూ ఉన్న మిగతావాళ్లు తలా ఒక పాత్రకు మాటా చేతా ఇస్తారు. ఫలితం సందేహమైతే పాచిక తేలుస్తుంది.

నవలకూ ఈ ఆటకూ ఉన్న తేడా ఇక్కడ కళ్లకు కడుతుంది. నవలలో నాయకుడు అందరి పనీ తానే చేసేస్తే నష్టపోయేవాళ్లు కాగితం మీది మనుషులు, వాళ్లు ఫిర్యాదు చేయరు. బల్ల దగ్గర ఆ నష్టానికి ముఖం ఉంటుంది. నేను నడిపే ఆటలో ఒకసారి ఇలా జరిగింది. పాత నియమాలతో ఆడుతున్నాం. ఒకమ్మాయి దొంగ పాత్ర వేస్తోంది, వారాల తరబడి తాళాలు తీసే నేర్పు పెంచుకుంటూ వచ్చింది. చివరికి అందరూ ఒక కోట తలుపు దగ్గరికి చేరారు. ఆమె పాచిక చేతిలోకి తీసుకుని ఊపుతోంది. ఈలోగా మాంత్రికుడి పాత్ర వేసిన కుర్రవాడు "నాక్ మంత్రం" అన్నాడు. ఆ మంత్రానికి పాచిక అక్కర్లేదు. తలుపు తెరుచుకుంది. ఆమె పాచికను బల్ల మీద పెట్టేసింది. కుర్రవాడు చేసినదాంట్లో తప్పు లేదు, నియమం అలాగే ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఆ రాత్రి ఆటలో మళ్లీ పెద్దగా నోరు తెరవలేదు.

2014లో వచ్చిన అయిదో కూర్పు నియమాల్లో అదే మంత్రానికి ఒక వాక్యం ఉంది. తలుపు తెరుచుకుంటుంది కానీ 300 అడుగుల దూరం దాకా వినబడేలా పెద్ద చప్పుడవుతుంది. ఇప్పుడు కావలివాళ్లు నిద్ర లేవకుండా తలుపు తీయాలంటే దొంగ కావలసిందే. ఒక్క చప్పుడుతో ఆమె వంతు ఆమెకు తిరిగి వచ్చింది. నియమాలు రాసేవాళ్ల పని ఎంత సున్నితమో ఇలాంటి చోట తెలుస్తుంది.

అసలు ఈ ఆట చరిత్రంతా కోరికకూ హద్దుకూ మధ్య పెనుగులాటే. మొదట్లో పాత్ర బలాన్ని మూడు పాచికలు వేసి తేల్చేవారు. మూడూ ఆరు పడి 18 రావాలంటే 216లో ఒక్క అవకాశం. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతి వచ్చింది. లెక్క వేస్తే 18 పడే అవకాశం సుమారు 62లో ఒకటి అయింది. 1985లో వచ్చిన అనర్థ్‌డ్ ఆర్కానా పుస్తకంలో, మానవ పాత్రలకు ముఖ్యమైన గుణం కోసం తొమ్మిది పాచికలు వేసి మేలైన మూడింటిని ఉంచుకునే పద్ధతి కూడా చేరింది. ఎవరూ దొంగాట ఆడలేదు. కోరికే మెల్లగా నియమాల్లోకి నడిచి వచ్చింది.

హద్దులు పెట్టిన చేయి కూడా ఆ రచయితలదే. తొలి నియమాల్లో కొత్త మాంత్రికుడికి రోజుకు ఒక్కటే మంత్రం, చదివిన వెంటనే అది మనసులోంచి చెరిగిపోతుంది. ఈ ఊహ జాక్ వాన్స్ 1950లో వెలువరించిన డైయింగ్ ఎర్త్ కథలది. నాకిది ఎంతో ఇష్టమైన నియమం. శక్తిని వాడటమే దాన్ని పోగొట్టుకోవడం. మంత్రం అయిపోయిన మాంత్రికుడు సాయంత్రం దాకా కత్తి పట్టినవాళ్ల వెనక నిలబడాల్సిందే.

అయినా అడిగినవాళ్లకు అడిగినంత పంచిపెట్టే ఆటలు పుట్టుకొచ్చాయి. 1976లో గాడ్స్, డెమిగాడ్స్ అండ్ హీరోస్ అనే అనుబంధం వేశారు. దేవతలకు కూడా అంకెలు కట్టి చూపిస్తే, ఎదుగుదల మెట్లలో, అంటే లెవెళ్లలో, నలభై దాటేసిన వీరుల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లకు తమ మితిమీరిన తనం తెలిసివస్తుందని సంపాదకుడు టిమ్ కాస్క్ ముందుమాటలో ఆశపడ్డారు. జరిగింది తలకిందులు. అంకె కనబడితే దాన్ని సున్నా చేయవచ్చని అర్థం కదా. దేవతల పట్టిక చాలా బల్లల దగ్గర వేట జాబితాగా మారింది. 1980 నాటి డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు కూడా ఉన్నారు, ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో ఆ లెక్కతో సహా. యముడిని అంకెగా చూసినప్పుడు నాకు కలిగింది కోపం కాదు, దిగులు. నచికేతుడు ఆ గుమ్మంలో మూడు రాత్రులు కూర్చుని అడిగినదాన్ని ఆ పట్టికలో ఏ గడిలో రాస్తారు?

గైగాక్స్ స్వయంగా ఇంకో దారి కూడా చూశారు. 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమ్మేళనంలో పోటీ కోసం టూంబ్ ఆఫ్ హారర్స్ అనే సమాధిని కట్టారు. తన బల్ల దగ్గరి అజేయులను, ముఖ్యంగా రాబ్ కుంట్జ్ నడిపే రోబిలార్‌నూ, కొడుకు ఎర్నీ నడిపే టెన్సర్‌నూ నిలువరించాలన్నది ఆయన ఉద్దేశం. నడవా చివర గోడ మీద ఆకుపచ్చ రాక్షస ముఖం, నోరు తెరిచి ఉంటుంది, లోపల కటిక చీకటి, మనిషి దూరేంత వెడల్పు. దూరినవాడు లేకుండా పోతాడు. పాచిక లేదు, బలం లెక్కలోకి రాదు. దాని గొప్పతనాన్ని ఒప్పుకుంటాను కానీ, ఆ దారి నాకు పూర్తిగా నచ్చదు. అజేయుడిని చంపడం సులువు. గోడలో ఇంకో రంధ్రం పెడితే చాలు. అతని పక్కన కూర్చున్నవాళ్లకు చేతినిండా పని ఇవ్వడం కష్టం, చేయవలసిందీ అదే.

అలా చేసినవాళ్లున్నారు. 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ రాసిన ఆర్స్ మేజికా ఆటలో మాంత్రికులు నిజంగానే మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు శక్తిమంతులు. ఆ తేడాను చెరపడానికి రచయితలు ప్రయత్నించలేదు. మాంత్రికుడి పాత్రనే వంతులవారీగా తిప్పారు. ఈ కథలో మాంత్రికురాలిగా ఉన్నావిడ తర్వాతి కథలో సామాన్య భటుడిగా ఇంకొకరి వెనక నడుస్తుంది. 2002లో వచ్చిన బఫీ ఆటలో మరో ఉపాయం ఉంది. మహాబలం ఉన్న నాయికకు కథను మలుపు తిప్పే పాయింట్లు తక్కువ, మామూలు స్నేహితులకు ఎక్కువ. బలం ఒకరిది, అదృష్టం ఇంకొకరిది.

ఇక జపాన్ సంగతి. 1981లో వచ్చిన విజార్డ్రీ లాంటి కంప్యూటర్ ఆటల ద్వారా ఈ లెవెళ్లూ అంకెలూ అక్కడికి చేరాయి. 1986లో డ్రాగన్ క్వెస్ట్ వాటిని ఇంటింటికీ చేర్చింది. అదే ఏడు కాంప్టిక్ అనే పత్రికలో ఒక బల్ల ఆటను ఆడినది ఆడినట్టు మాటలతో సహా అచ్చువేస్తూ పోయారు, దానిలోంచే రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్ నవలలు పుట్టాయి. ఆ నవలల్లో ఒక జట్టు ఉంటుంది, ఎందుకంటే వెనకాల నిజంగా ఒక జట్టు కూర్చుని ఆడింది. తర్వాతి తరం కథల్లో, చనిపోయి వేరే లోకంలో మహాశక్తితో పుట్టే నాయకుల కథల్లో, గాలిలో తేలే పలక మీద అంకెలు కనబడతాయి. అంకెలు వచ్చాయి, పాచికలు రాలేదు. లెవెళ్లు వచ్చాయి, పక్కన కూర్చున్నవాళ్లు రాలేదు. సోలో లెవెలింగ్‌లో పెరగగలిగేది ఒక్క జిన్‌ఊ. మిగతా వేటగాళ్ల బలం శక్తి మేల్కొన్న రోజే దాదాపు ఖాయమైపోతుంది. ఆసుపత్రి బిల్లుతో మొదలైన కథ మీద నాకున్న గౌరవం అక్కడే కొంచెం సన్నగిలుతుంది. లోకంలో ఇంకెందరి తల్లులు మంచం మీద ఉన్నారో ఆ కథకు గుర్తుండదు.

ఒక్క అన్యాయం గురించి చెప్పి ముందుకు వెళతాను. 1973లో పౌలా స్మిత్ స్టార్ ట్రెక్ అభిమానుల పత్రికలో ఒక చిన్న వ్యంగ్య కథ రాసింది. అందులో పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్ మేరీ స్యూ అందరి మన్ననా పొందుతూ అన్నీ తానే చేసేస్తుంది. అప్పటి నుంచి అమ్మాయిలు రాసే ప్రతి సమర్థురాలైన నాయికకూ ఆ పేరు తగిలించడం అలవాటైంది. జేమ్స్ బాండ్‌ను అడగని ప్రశ్న ఆమెను అడిగారు. పక్కవాడి వంతు అనే కొలత పెట్టుకుంటే ఇద్దరికీ అదే కొలత పెట్టాలి.

అజేయుడిని పెట్టుకుని కూడా ఎంత గొప్ప కథ రాయవచ్చో 2009లో వన్ అనే కలం పేరుతో ఒక జపాన్ రచయిత మొదలుపెట్టిన వన్ పంచ్ మ్యాన్ చూపించింది. సైతామా ఎవరినైనా ఒకే గుద్దుతో పడగొడతాడు. సముద్రరాజు నగరం మీద పడ్డ రోజున అతను రావడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఒక్కొక్కరే వీరులు ఎదురెళ్లి నేలకొరుగుతారు. చివరగా సైకిలు మీద వస్తాడు ముమెన్ రైడర్. కింది తరగతి వీరుడు, ఏ శక్తీ లేదు. గెలవలేనని అతనికే తెలుసు, ఆ మాట పైకే అంటాడు, అయినా దెబ్బలు తింటూ మళ్లీ లేచి నిలబడతాడు. ఆ పేజీల్లో మన గుండె కొట్టుకునేది అతని కోసం. అప్పుడు సైతామా వచ్చి ఒక్క గుద్దుతో ముగిస్తాడు. అసలు విశేషం ఆ తర్వాత ఉంది. ఇంత తేలిగ్గా చచ్చేదాని చేతిలో ఓడిన మిగతా వీరులెందుకని జనంలో ఒకడు ఎత్తిపొడుస్తాడు. సైతామా వెంటనే, వాళ్లు ముందే దాన్ని నీరసింపజేశారు, నేను చివర్లో వచ్చి పేరు కొట్టేశానంతే అని అబద్ధమాడతాడు. తన పరువు పోగొట్టుకుని పక్కవాళ్ల వంతు వాళ్లకు అప్పజెప్పాడు. అతను చేసిన అతి బలమైన పని అదేనని నేను నమ్ముతాను.

ఉర్సులా లె గ్విన్ ఇంకా దూరం వెళ్లారు. 1968లో ఎర్త్‌సీ మొదటి నవల రాశారు. గెడ్ తన తరం మాంత్రికుల్లో మేటి. 1972 నాటి మూడో నవల చివర లోకానికి పడ్డ గండి పూడ్చడంలో తన శక్తి యావత్తూ ఖర్చుచేస్తాడు. 1990లో టెహాను రాసేనాటికి అతను మేకలు కాసుకునే నడివయసు మనిషి. కథ ఇప్పుడు టెనార్ అనే స్త్రీది, కాలిన గాయాలతో ఆమె చెంతకు చేరిన పసిపిల్లది. ఇంటి మీద దుండగులు పడ్డప్పుడు గెడ్ చేతిలో ఉన్నది గడ్డి ఎత్తే పంగల కర్ర. పాత గెడ్ కావాలని కొందరు పాఠకులు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ అతను ఇల్లంతా నిండి ఉన్నంతకాలం టెనార్ వంతు ఎక్కడుంది?

ఈ మధ్య మన కుర్రవాళ్లు ఈ ఆటలను తెలుగులో రాయాలని ఉబలాటపడుతున్నారు. వాళ్లలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లకోసం ఒక ప్రతిపాదన తెచ్చాను. మన పురాణాల్లో అజేయులకు కొదవ లేదు, కానీ మనవాళ్లు వాళ్లకు వరం అనే దారి పెట్టారు. వరాన్ని మాటల్లో అడగాలి, అడగని చోట సందు మిగులుతుంది. హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, లోపలా బయటా, మనిషీ మృగమూ అని అన్నీ అడిగాడు. సంధ్యా, గడపా, నరసింహమూ మిగిలాయి. రావణుడు నరులను లెక్కచేయక వదిలేశాడు. 1951 నాటి పాతాళభైరవిలో అడిగినవన్నీ ఇచ్చే బొమ్మ చేయి జారాకే తోట రాముడికి అంజి తోడు విలువ తెలిసింది.

కాబట్టి నియమం ఇలా రాయండి. ఆట మొదట్లో ప్రతి ఒక్కరూ తమ పాత్రకు ఒక వరం కోరుకోవచ్చు, ఎంత పెద్దదైనా సరే, పాచికలు అక్కర్లేదు. కోరిక ఒక్క వాక్యంలో రాసి కుడిపక్కన కూర్చున్నవారికి ఇవ్వాలి. ఆ వాక్యంలో ఎక్కడ సందు ఉందో వాళ్లు వెతికి, వేరే చీటీ మీద రాసి, మడిచి తమ దగ్గరే ఉంచుకోవాలి. ఆట నడిపేవారికి కూడా చూపించకూడదు. ఆ చీటీని ఎప్పుడు విప్పాలన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. శత్రువు చేతికి ఇవ్వడానికి విప్పవచ్చు, ఆ సందులో తామే అడ్డం నిలబడి స్నేహితుణ్ణి కాపాడటానికీ విప్పవచ్చు. రెండో దానికి, పాత్రను పెంచే అనుభవ పాయింట్లు రెట్టింపు ఇవ్వండి. అయిదుగురు ఆటగాళ్లు కూర్చునే బల్లకు పది చీటీలు చాలు. వచ్చే నెల గ్రంథాలయంలో ఒక ఆదివారం మధ్యాహ్నం గది ఇస్తామని కార్యదర్శి గారు మాట ఇచ్చారు. పాచికలు నేను తెస్తాను.